పొడవని చుక్క

టాటానగర్ దగ్గర గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్. అందరూ అన్నాల ముందు కూర్చున్న వేళ, కాంట్రాక్టరు చంద్రశేఖర్, డొక్క నొప్పని సెలవడిగిన వంటమనిషి రత్నం స్కానింగు రిపోర్టును పైకి చదివాడు. రాయి లేదు, వాపు లేదు.

"ఏక్టింగు బాగుంది రత్నం. గరిటె వదిలీసి నాటకాల్లో సేరిపో. పొటోలో ఏదైనా కనిపిస్తే రా. నేదంటే ఈ గేటు తొక్కకు."

ఆమె వండిన పప్పు కలుపుకుంటూనే అందరూ నవ్వారు.

నొప్పి మాత్రం నిజం. తిన్న కాసేపటికి కుడి డొక్క కింద ఏదో మేలుకునేది. లోపలి నుంచి ఎవరో గుప్పిట బిగించినట్టు పట్టుకుని, వీపు దాకా లాగి, తీరిగ్గా వదిలేది. గాలి సోకిందన్నారు ఆమె ఉండే సిద్ధగోరాలో ఇరుగుపొరుగు. కోడలు రోహిణి పిల్లను అత్త పక్కన పడుకోబెట్టడం మానేసింది.

పెద్దాసుపత్రి డాక్టరు ఇంకో పరీక్ష రాశాడు. నరంలోకి రేడియోధార్మిక మందు కొద్దిగా ఎక్కిస్తారు. కాలేయం దాన్ని పైత్యరసంతో కలిపి వదులుతుంది. అది పిత్తాశయంలోకి చేరుతోందో లేదో కెమెరా చూస్తుంది. దారి మూసుకుపోతే, రాయి కనబడకపోయినా అందులో తెలుస్తుంది. మంగళవారం పరగడుపున రమ్మన్నారు.

ముందురోజు కార్తీక సోమవారం. రత్నం పగలంతా ఉపవాసం. చుక్కను చూశాకే అన్నం. చీకటి పడగానే డాబా ఎక్కింది. ఆకాశం నిండా మబ్బు. దూరంగా ఉక్కు కొలిమిలోని కరిగిన మడ్డి, స్లాగు, పారబోస్తున్నారు కాబోలు, మబ్బుల అడుగు ఎర్రగా వెలిగింది. ఎంతసేపు మెడ ఎత్తి చూసినా ఆ ఎరుపే. చుక్క పొడవలేదు. తినకుండానే పడుకుంది. ఆదివారం రాత్రి తిన్నదే ఆఖరు.

పరీక్ష గది చల్లగా ఉంది. టెక్నీషియన్ సూరజ్ టాటానగర్‌లోనే పుట్టిన తెలుగు కుర్రాడు. తెలుగులో అడిగినా హిందీలోనే జవాబు. పరగడుపేనా అని అడిగితే ఆమె తలూపింది. మందు ఎక్కించాడు. వెడల్పాటి కెమెరా పలక ఒకటి పొట్ట మీదికి దిగి, ముట్టుకోకుండా ఆగింది. చప్పుడు లేదు.

"హిల్నా మత్, మౌసీ," పిన్నీ కదలొద్దని చెప్పాడు.

పక్కనున్న తెర మీద నిప్పురవ్వల్లాంటి నలుసులు ఒక్కొక్కటే పోగయ్యాయి. అది తన కాలేయమట. ఒంట్లో ఇంత వెలుగు తిరుగుతుంటే తనకు తెలియనే లేదు. అక్కడి నుంచి సన్నటి పాయ ఒకటి పేగులోకి జారింది. దాని పక్కనే పిత్తాశయం గుండ్రంగా వెలగాలి. అక్కడ చీకటి. ముందురోజు సాయంత్రంలాగే రత్నం కళ్లార్పకుండా చూసింది. ఇక్కడా పొడవలేదు.

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి మళ్లీ తీశాడు. చీకటి ఉన్నచోటే ఉంది.

"మౌసీ, సచ్ బోల్నా. ఖానా కబ్ ఖాయా థా?" అని ఆఖరుసారి ఎప్పుడు తిన్నదో అడిగి, ఆ తర్వాత తెలుగు మాటలు వెతుక్కుంటూ చెప్పాడు సూరజ్. "రోజు దాటి తినకపోతే గాల్ బ్లాడర్ పాత రసంతోనే నిండిపోతాది. మందు లోపలికి పోదు. అప్పుడు ఈ పొటో పనికిరాదు, మళ్లీ తియ్యాలి."

రత్నం తెరకేసి చూసింది. ఆ నల్లటి చోటు కూడా ఆమె ఏమంటుందో వింటున్నట్టు ఉంది. ఆమె చెవిలో క్యాంటీన్ నవ్వు మోగింది. మళ్లీ తీస్తే ఈ చీకటి ఉంటుందో, పోతుందో.

"రాత్రే తిన్నాను బాబూ. అన్నంలో సారు పోసుకుని."

సూరజ్ రాసుకున్నాడు. ఇన్నాళ్లూ ఆమె నిజం చెబితే నవ్వారు. ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఎవరూ తిరిగి అడగలేదు. పిత్తాశయం దారి మూసుకుపోయిందని రిపోర్టు వచ్చింది. ఆపరేషను చేసి దాన్ని తీసేశారు. చంద్రశేఖర్ ఆ బొమ్మను లైటుకు ఎత్తి చూసి, ఆ నల్లటి చోటును వేలితో తడిమి, "ముందే సెప్పొచ్చు కదా రత్నం" అన్నాడు. ఆమె మళ్లీ గరిటె పట్టింది.

తర్వాత ఒక సాయంత్రం టాటానగర్ స్టేషన్ బయట సూరజ్‌కు కనిపించింది. ఒళ్లో పూరీ పొట్లం విప్పి ఉంది. ఒక్కటీ తినలేదు. కుడిచెయ్యి డొక్క మీద ఉంది.

"అబ్ దర్ద్ తో నహీ హై నా, మౌసీ?" ఇప్పుడు నొప్పి లేదు కదా అని అడిగాడు.

రత్నం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"వత్తంది బాబూ. అదే సోటికి. అక్కడేటీ నేకపోయినా వచ్చి పట్టుకుంటంది. ఎవురికీ సెప్పనేదు. సెప్తే మళ్లీ పొటో తీత్తారు. ఈసారి ఆ సీకట్లో ఏటి కనిపిత్తదో."