కత్తెర ఎక్కడ పెట్టమన్నారో

మా పక్కింటి బాబాయిగారు పోయిన మంగళవారం ఉదయం కన్నుమూశారు. నేను ఏడో తరగతిలో పాఠం చెబుతుండగా ఆయన భార్య ఫోన్ చేసింది. ఆవిణ్ణి నేను పిన్ని అంటాను. "మీ బాబాయ్ ఇంక లేవరమ్మా" అని, నేనేదో అడగబోయేలోపే పెట్టేసింది. పిల్లల్ని ఏదో రాసుకోమని చెప్పి బయటికొచ్చి నిలబడ్డాను. రెండు నెలలుగా భయపడుతున్న కబురే.

ఆయన నాకు చుట్టం కాదు. నూజివీడులో మేం అద్దెకుంటున్న ఇంటికీ వాళ్ళ రేకుల ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడ మీదుగా కలిసిన వరస మాది. ఊహ తెలిసినప్పటి నుంచీ మామిడి తోటల్లో బతికిన మనిషి. కాపు అయిపోయాక కొమ్మలు కత్తిరించే పనిలో ఆయన తర్వాతే ఎవరైనా అని, ముసునూరు, విస్సన్నపేట రైతులు ముందుగానే వచ్చి చెప్పి వెళ్ళేవారట. నేనది చూడలేదు. మేం వచ్చేసరికే పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. కాలు ఈడ్చుకుంటూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకునేవారు.

మా స్నేహం ఒక కుండీ దగ్గర మొదలైంది. పురుగుల్ని తినే మొక్కని ఏటా పుస్తకంలో బొమ్మగా చూపించి విసుగెత్తి, నర్సరీ నుంచి నిజం కూజా మొక్కని తెప్పించాను. ఆకు కొసన సన్నటి తీగ, తీగ కొసన మూతతో సహా చిన్న కూజా. పిల్లలు వింతగా చూశారు, రెండు చీమల్ని వేశారు, మర్చిపోయారు. దాన్ని ఇంటికి తెచ్చి వరండాలో వేలాడదీశాను. ఏడాది తిరిగేసరికి కాండం నా చెయ్యంత పొడవు సాగింది. కింది కూజాలు ఎండిపోయాయి, కొత్తవి రావడం మానేశాయి. కత్తిరించాలని చదివాను గానీ ధైర్యం చాల్లేదు.

ఆ చెంబుల చెట్టునెందుకు అలా వదిలేశావని ఒకరోజు ఆయనే గోడ మీదుగా అడిగారు. భయమేస్తోందన్నాను. మర్నాటి నుంచి కుర్చీ మా వరండాలో వేయించుకున్నారు. అలాంటి మొక్కని ఆయన జన్మలో చూడలేదు. అందుకే వెంటనే కొయ్యమనలేదు. వారం రోజులు నా చేత కుండీని ఇటూ అటూ తిప్పించి ఊరికే చూశారు.

తర్వాత కత్తెరని వేణ్ణీళ్ళతో కడగమన్నారు. పూర్తిగా ఎండిన కూజాల్ని తీగ దగ్గర తీసెయ్యమన్నారు, ఆకు జోలికి వెళ్ళొద్దన్నారు. సగమే ఎండిన కూజా ఒకటుంటే, దాన్ని కూడా తీసెయ్యబోయాను.

"ఎండిన మేరకే కొయ్యమ్మా. పచ్చగా ఉన్నంతసేపూ అది ఇంకా అన్నం వండుతానే ఉంది" అన్నారు.

పచ్చటి ఆకు ఆహారం తయారుచేసుకునే పాఠం పదేళ్ళుగా చెబుతున్నాను. ఇంత సులువుగా ఒక్కసారీ చెప్పలేదు.

ఆఖరికి కాండం మిగిలింది. ఆయన చూపించిన కణుపుకి అంగుళం పైన కత్తెర పెట్టాను. కానీ నొక్కలేదు. ఆయన తన ఎడం చేతిని నా చేతి మీద వేశారు.

"కోసే ముందు ఎంతసేపైనా ఆలోచించు. కోసేటప్పుడు మాత్రం ఆలోచించకు."

కోశాను. ఆయన తన కుడి చేతి వైపు చూసుకున్నారు.

నెల దాటినా ఏమీ రాలేదు. కోసినచోట నల్లబడింది. ఆయన రోజూ పొద్దున్నే వచ్చి చూసేవారు. నా మాట విని మొక్క పాడుచేసుకున్నావని ఒకసారి అని, ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. మా బోరు నీళ్ళకి కుండీల అంచున తెల్లగా ఉప్పు పేరుకోవడం గమనించి, దీనికి ఈ నీళ్ళు మాన్పించి వాన నీళ్ళు పట్టించారు. ఆ తర్వాత ఎప్పటికో కణుపు పక్కన గోరంత చిగురు కనిపించింది. పాలబ్బాయికి కూడా చెప్పారాయన.

ఆ రోజుల్లోనే ఆయన పింఛనుకి వేలిముద్ర వేయడం చూసి, అక్షరాలు నేర్పుతానన్నాను. "ఇప్పుడు నేర్చుకుని ఏ తోటకి ఉత్తరం రాయాలమ్మా" అని నవ్వేశారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

మొన్న వేసవిలో రెండోసారి పక్షవాతం వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో పది రోజులుంచి ఇంటికి పంపారు. ఈసారి మాట పోయింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నారట డాక్టర్లు. అప్పటికి ఆ చిగురే పెద్ద తీగై, వడగాడ్పులకి సగం ఆకులు మాడి ఉన్నాయి. చూస్తే కాస్త సంతోషిస్తారేమోనని కుండీ, కత్తెర తీసుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను.

చూడగానే ఆయన ఎడం చెయ్యి లేచింది. ఏదో చూపిస్తున్నారు. ఒక కణుపు దగ్గర కత్తెర పెట్టి, ఇక్కడా బాబాయిగారూ అని అడిగాను. కాదన్నట్టు తల తిప్పారు. కింద పెట్టాను. కాదు. పైన పెట్టాను. కాదు. గొంతులోంచి ఒకటే శబ్దం మళ్ళీ మళ్ళీ వచ్చింది. పలక తెచ్చి అక్షరాలు చూపించబోయి, ఆయనకి రావని గుర్తొచ్చి ఆగిపోయాను. పదేళ్ళుగా పిల్లలకి చదువు చెబుతున్న దాన్ని, ఆ పలకని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన మంచాన్ని అరచేత్తో కొట్టారు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"తీసుకెళ్ళిపోమ్మా, ఆయన తట్టుకోలేకపోతున్నారు" అంది పిన్ని.

తెచ్చేశాను. ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అసలు కొయ్యొద్దన్నారేమో. మొక్క గురించే కాదేమో, మంచినీళ్ళు అడిగారేమో. పిన్నిని అడిగాను, ఆవిడకీ తెలియదు. ఆ తర్వాత రోజూ వెళ్ళి కూర్చున్నాను గానీ కుండీ తీసుకెళ్ళలేదు. ఆ మొక్క మీద నేను మళ్ళీ కత్తెర పెట్టలేదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. పిన్ని గోడకి ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఆయనతో పనిచేసినవాళ్ళు వచ్చారు. ఇది కత్తిరింపుల కాలం. కబురందగానే తోటల్లోంచి అలాగే వచ్చేసినట్టున్నారు, తలల మీదా భుజాల మీదా రంపపు పొట్టు. ఎక్కడ కూర్చోవాలో తెలియక వరసగా నిలబడ్డారు. పిన్ని లేచింది. మొదటి మనిషి దగ్గరికి వెళ్ళి, కొంగుతో అతని భుజం మీది పొట్టు దులిపింది. తర్వాత రెండో మనిషి దగ్గరికి వెళ్ళింది. వాళ్ళు తలలు వంచుకుని, ఆవిడకి అందేలా కొంచెం వంగి నిలబడ్డారు.