బీరువాలో బూట్లు

2022 ఆగస్టు. గుడివాడ పక్కన పొలాల మధ్య ఉన్న ఒక ప్రైవేటు మిలిటరీ రెసిడెన్షియల్ స్కూల్లో నేను నర్సుని. ఎంఐ రూమ్ నాది. అంటే మెడికల్ ఇన్‌స్పెక్షన్ రూమ్: నాలుగు మంచాలు, మందుల బల్ల, ఒక ఇనప బీరువా. డాక్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చి వెళ్తారు. మిగతా రోజుల్లో పిల్లలకు నేనే దిక్కు.

ఒంట్లో బాగోలేని కుర్రాడికి ఇచ్చే చీటీని ‘అటెండ్ సీ’ అంటాం. పరేడూ ఆటలూ మాని పడుకోమని దాని అర్థం. అయితే అక్కడొక దిక్కుమాలిన రూలుంది. పిల్లల్ని హౌస్‌లని జట్లుగా విడదీసి పోటీ పెడతారు; ఏ హౌస్‌లో అటెండ్ సీలు ఎక్కువైతే ఆ హౌస్‌కి మార్కులు కోస్తారు, ఏడాది చివర కప్పు దక్కదు. జ్వరం రావడం కూడా క్రమశిక్షణ లేకపోవడమేనట. ఆ రూలు పెట్టినవాడికి ఒక్కసారి నూట మూడు జ్వరం రావాలని కోరుకున్నాను. ప్రభువు నన్ను క్షమించాలి.

మంగినపూడి కుర్రాడు ఏసుబాబు తొమ్మిదో తరగతి. పంద్రాగస్టు రిహార్సల్స్‌లో కొత్త బూట్లు కరిచి మడమ మీద బొబ్బ లేచింది. వానకి తడిసిన గ్రౌండ్లో అది చితికి చీము పట్టింది. నా దగ్గరికొచ్చేసరికి పాదం వాచి, ఎర్రటి చార పిక్క మీదికి పాకుతోంది. దాన్ని సెల్యులైటిస్ అంటారు, చర్మం కింద పాకే ఇన్‌ఫెక్షన్. డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మందు మొదలుపెట్టి, అటెండ్ సీ రాసి డార్మిటరీకి పంపాను.

మర్నాడు పొద్దున వాణ్ణి గ్రౌండ్లోంచి మోసుకొచ్చారు. వాడి హౌస్ కెప్టెన్, సీనియర్ కుర్రాడు కార్తీక్, మార్కులు పోతాయని ఆ వాచిన కాలికి బూటు తొడిగించి వరసలో నిలబెట్టాడు. లేసులు కత్తెరతో కోసి బూటు లాగాను. బందరు ఆసుపత్రిలో కాలు కోసి చీము తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే కాలే తీసేయాల్సి వచ్చేదని సర్జన్ మొహం మీదే అన్నాడు.

అసెంబ్లీలో కార్తీక్ ముందుకొచ్చి, “తప్పు నాదే సార్. ఆర్డర్ నేనే ఇచ్చాను” అన్నాడు. ప్రిన్సిపాల్ గారు పొంగిపోయారు. “బాధ్యత తీసుకోవడమంటే ఇదీ. లీడర్ అంటే ఇలా ఉండాలి” అని భుజం తట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. కాలు పోగొట్టుకోబోయినవాడి ఊసే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“చప్పట్లు అయ్యాయిగా. ఇప్పుడు ఏసుబాబు వాళ్లమ్మ ముందు నిలబడి చెబుదువుగాని, రా” అని కార్తీక్‌ని బందరు తీసుకెళ్లాను.

చేపలమ్ముకునే మనిషి ఆవిడ. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కార్తీక్ అటెన్షన్‌లో నిలబడి “సారీ అండీ” అన్నాడు.

“కూర్చో బాబూ, అలా నిక్కి నిలబడితే ఎలా మాట్లాడేది? మావోడు నెప్పని చెప్పాడా నీకు?”

“చెప్పాడండీ.”

“నువ్వేమన్నావు?”

“ఓర్చుకోమన్నానండీ.”

“నీకూ ఎవరో అలాగే చెప్పుంటారులే” అందావిడ. తిట్టలేదు. తిట్టినా బావుండేది. కార్తీక్ తొమ్మిదిలో ఉన్నప్పుడు సీనియర్లు వాణ్ణీ జ్వరంతో పరిగెత్తించి నా దగ్గరే పడేసిన సంగతి మా ఇద్దరికీ గుర్తుంది.

తర్వాతి నెలలో ఇంటర్ హౌస్ పరేడ్ పోటీ. ఆ పొద్దున కార్తీక్ తన హౌస్‌లో జ్వరాలతో ఉన్న ఐదుగురిని నా గదికి తీసుకొచ్చాడు. అందరూ చెప్పుల్లో ఉన్నారు. వాళ్ల బూట్లన్నీ వాడి చేతుల్లో ఉన్నాయి.

“సిస్టర్, ఇవి బీరువాలో పెట్టి తాళం వేసేయండి. చీటీని మా కెప్టెన్లెవరం లెక్కచెయ్యం. బూట్లు లేకపోతే మాత్రం ఎవడూ వీళ్లను గ్రౌండ్లో నిలబెట్టలేడు.”

ఐదుగురు తగ్గడంతో ఆ హౌస్ ఆఖరున నిలిచింది. సాయంత్రానికల్లా కార్తీక్ కెప్టెన్ బ్యాడ్జి తీసేశారు, నాయకత్వ లక్షణాలు లేవని. ఒకడి కాలు పాడు చేసినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే ఆ బ్యాడ్జి పీకాయి. ప్రిన్సిపాల్ గారి గదికెళ్లి ఆ మాటే అన్నాను. “మీ పని మీరు చూసుకోండి సిస్టర్” అన్నారాయన.

చూసుకుంటున్నాను. రూలు ఇప్పటికీ మారలేదు. నేను మాత్రం అటెండ్ సీ రాస్తే ముందు బూట్లు విప్పించి బీరువాలో పెట్టి తాళం వేస్తాను. ఆ పని నాకు నర్సింగ్ కాలేజీలో ఎవరూ నేర్పలేదు, బ్యాడ్జి పోయిన కెప్టెన్ నేర్పాడు.