మాఫెయో గారి సింహం ఎటు చూస్తోంది

ఇటలీలోని గుబ్బియో ఊళ్లో మోన్నా లాపా తిట్లు తినని తోలు లేదు. నానబెట్టిన ఆవుతోలును చెక్క అచ్చు మీద బిగించి, ఎముక పుల్లతో రుద్దుతూ, ముడతలన్నీ పోయేదాకా దాన్ని తిడుతూనే ఉండేది. ఆమె పని అక్కడితో సరి. తోలు ఆరి గట్టిపడేలోగా దాని మీద తీగలూ పక్షులూ చెక్కడం భర్త మెనికో వంతు. "బొమ్మకి కన్నుండాలే. నీకున్నది నోరు" అనేవాడు. పాతికేళ్లు ఆ మాట వినీ వినీ, తనకు నిజంగానే కన్ను లేదని నమ్మింది లాపా.

ఆ మెనికో కాస్తా పోయాడు. తోలుపనివాళ్ల సంఘం కట్టుబాటు ప్రకారం చనిపోయినవాడి పనిబల్ల భార్యకు ఏడాదీ ఒక రోజూ దక్కుతుంది. ఆలోగా ఆమె ఒక పెట్టెను మొదటి కుట్టు నుంచి చివరి రంగు దాకా తన చేత్తోనే చేసి, చేయించుకున్నవాడి చేత సంఘం పెద్ద ముందు బాగుందనిపించాలి. అనిపించలేకపోతే బల్ల వేరొకరికి పోతుంది. పిల్లాజెల్లా లేని లాపాకు లోకంలో తనదంటూ ఉన్నది ఆ బల్ల ఒక్కటే.

గడువు దగ్గరపడ్డాక దొరికాడు సేర్ మాఫెయో. తాత పశువుల పేగులు అమ్మిన సంగతి ఊరంతా మరిచిపోవాలని కోరుకునే దస్తావేజుల రాతగాడు. కొండమీది ఒక పల్లెకు అధికారిగా వేశారు. కాగితాలు పెట్టుకోవడానికి పెట్టె కావాలి, దాని మీద కొత్తగా పెట్టుకున్న వంశచిహ్నం ఉండాలి.

"సింహం ఎలా ఉండాలయ్యగారూ?"

"ఇదిగో నా ఇత్తడి ముద్ర. ఉన్నదున్నట్టు దించు. వెంట్రుకవాసి తేడా వస్తే ఊరుకోను."

లాపా వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. జూలులో పాయలు కూడా లెక్కపెట్టి మరీ చెక్కింది. తోలు ఆరి రాయిలా బిగిశాక ఎర్ర రంగు వేసి, గోళ్లకు బంగారు రేకు అద్దింది. తన చేతి నుంచి అంత అందం వచ్చిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు.

నిప్పు కోసం వచ్చిన పొరుగింటి జెమ్మా పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది.

"వదినా, మీ సింహం ఎటు పారిపోతోంది?"

లాపా పెట్టె లాక్కుని చూసుకుంది. వంశచిహ్నపు డాలు మీద సింహం చూసేవాళ్ల ఎడమవైపుకు తిరగాలి. కుడివైపుకు తిరిగిందంటే శత్రువుకు వెన్ను చూపినట్టే. ముద్ర మైనం మీద సరిగ్గా పడాలని ఇత్తడి మీద కుడిఎడమలు తిరగేసి చెక్కుతారు. ఆ తిరగేసిన సింహాన్నే ఆమె ముచ్చటపడి దించేసింది. బిగిసిన తోలును మళ్లీ చెక్కడానికి లేదు. సంఘం పెద్ద వచ్చేది మర్నాడే.

ఆ పూట శనగల జావ అడుగంటింది. కాస్త ఉప్పయినా వేద్దామని గోడనున్న ఉప్పుపెట్టె మూత ఎత్తి, అక్కడే నిలబడి ఏడ్చింది. పాతికేళ్ల కిందట మెనికో మేకులు కొట్టి బిగించిన తోలుపెట్టె అది. దాన్ని కదిపితే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. "నువ్వన్నది నిజమేనయ్యా. నాకు కన్ను లేదు" అంది ఆ పెట్టెతోనే.

మర్నాడు సంఘం పెద్ద బీండో వచ్చి పనిబల్ల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి మాఫెయో కంచరగాడిద మీద వచ్చాడు. దిగబోతే నడుముకున్న కత్తి రికాబులో ఇరుక్కుంది. ఒంటికాలి మీద గెంతుతూ గాడిదను తిట్టడం మొదలుపెట్టాడు. పెట్టెను కొంగు చాటున పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ లాపా ఆ ఎడమ వైపు అవస్థ చూసింది. చూసి, కొంగు తీసేసింది.

మాఫెయో ముఖం సింహం కంటే ఎర్రబడింది. "ఇది నా సింహమా? పరుగెత్తుతోంది."

"పెట్టె ఎక్కడ కడతారయ్యగారూ?"

"జీను పక్కన. ఇంకెక్కడ, నీ నెత్తినా?"

"ఎడమ పక్క తమ కత్తీ రికాబూ పడుతున్న పాట్లు చూశాను. అక్కడ పెట్టె కూడా కడితే తమరు ఆ పల్లెలో దిగేది నెత్తి మీదే. కుడి పక్కకి రండి."

ఆమే వెళ్లి కుడి పక్కన కట్టింది. సింహం గాడిద తలవైపు పంజా ఎత్తి, పల్లె మీదికి దండెత్తుతున్నట్టు నిలిచింది.

"మామూలు సింహాన్ని ఇక్కడ కడితే ముఖం తోక కింద ఉండేది. తమ వంశం దాకా వచ్చాక ఆ మాత్రం ఆలోచించనా?"

మాఫెయో గాడిద చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నేను మనసులో అనుకున్నది అదే" అన్నాడు. బాగుందని బీండో ముందు ఒకటికి మూడుసార్లు చెప్పి, వీధి జనమంతా కుడివైపే ఉండేలా గోడవారగా సాగిపోయాడు.

బీండో బల్ల మీద లాపా పేరు గుర్తు చెక్కాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"ముద్ర చూసి దించావు కదూ?"

లాపా తల వంచుకుంది.

"మీ ఆయనా దించాడు. మీ పెళ్లయిన కొత్తలో, బిషప్పు గారి ముద్ర మీది గద్దని. పెట్టె తిరిగొచ్చింది. నీతో అననని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. పోయాడుగా, ఇంకేం ఒట్టు?"

"ఆ పెట్టె ఏమైంది?"

"మీ వంటింట్లోనే ఉందిగా. ఉప్పు పోసుకోవట్లా?"

లాపా పటకారు తీసుకుని లోపలికి వెళ్లింది. మేకులు ఒక్కొక్కటే ఊడబెరికి, ఉప్పంతా ఒలికిపోతున్నా చూసుకోకుండా పెట్టెను తిప్పింది. వెనక గద్ద ఉంది. ముక్కు కుడివైపుకు తిరిగి ఉంది. కళ్లు తుడుచుకుని, పడీపడీ నవ్వి, పెట్టెను బొమ్మ బయటికి వచ్చేలా అదే గోడకు మళ్లీ కొట్టింది.