బండి దించడం నేర్పిన వదిన

నా చిన్నప్పుడు మోటారు సైకిలు ముందు చక్రాన్ని గాల్లోకి ఎత్తి, వెనక చక్రం మీదే నడపడాన్ని మా ఊళ్ళో ‘బండి లేపడం’ అనేవాళ్ళు. ఇప్పటి పిల్లలు దానికి వీలీ అని పేరు పెట్టి ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. పేరు మారిందిగానీ ప్రాణం పోవడానికి పట్టే సమయమేమీ మారలేదు. మొన్న మా మనవడు అలాంటి వీడియో ఒకటి చూస్తూ ఉంటే ‘ఆ అబ్బాయి కుడికాలు సరిగ్గా పెట్టలేదురా’ అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, ‘నీకేం తెలుసు అమ్మమ్మా’ అన్నాడు. నాకు తెలుసు. బండి ఎలా లేపాలో, ఎలా దించాలో నేర్పుతుంటే పక్కనే నిలబడి చూసినదాన్ని. నేర్పింది మా పక్కింటి వదిన.

మాది నాగాయలంక దగ్గర ఒక పల్లె. పక్కింట్లో ఇద్దరన్నదమ్ములు ఉండేవాళ్ళు. పెద్దన్నయ్య చెరువుల దగ్గర చేపలు కొని, ఐసు వేసి పెట్టెకెత్తి, ఆ పెట్టెను తన చిన్న మోటారు సైకిలు వెనక కట్టుకుని అవనిగడ్డ మార్కెట్టుకు తీసుకెళ్ళేవాడు. చిన్నన్నయ్య పదో తరగతి తప్పి ఊరిమీద తిరిగేవాడు. పెద్దన్నయ్యకు పెళ్ళై ఏడాదిన్నర అయింది. వదినది ఘంటసాల. ఆవిడ మా ఊరు వచ్చిన కొత్తలోనే పెద్దన్నయ్య ఆవిడకి బండి నేర్పాడని, తెల్లవారుజామున చేల వైపు తీసుకెళ్ళేవాడని మా వీధిలో గుసగుసలుండేవి. అత్తగారికి తెలిసినా తెలియనట్టే ఊరుకునేది, కొడుకు ముచ్చట కాదనలేక.

పెద్దన్నయ్యకు బండి లేపడం మహా సరదా. కరకట్ట ఎక్కే ఏటవాలు దగ్గర టీ కొట్టు ఉంది. అక్కడ కుర్రాళ్ళు కేక వేస్తే చాలు, చక్రం గాల్లోకి లేచేది. వెనక చేపల పెట్టె బరువుంటే ముందు చక్రం ఎలాగూ తేలిగ్గా ఉంటుంది కదా, అతనికి అదో వాటం. ఒకరోజు పొద్దున్నే అలాగే లేపాడు. బండి ఆగలేదు, వెనక్కి తిరగబడింది. అతను కింద, అతని మీద చేపల పెట్టె. అవనిగడ్డ ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

వాళ్ళు క్రైస్తవులు. సమాధి చేసిన కొన్నాళ్ళకు ఇంటి ముందు టెంటు వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరు గారు వాక్యం చెప్పారు, పాటలు పాడారు, అందరూ ఏడ్చారు. వదిన ఏడవలేదు. వచ్చినవాళ్ళలో ఆ పొద్దున టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళెవరో కనుక్కుని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, ‘అప్పుడు ఆయన కుడికాలు ఎక్కడుందండీ?’ అని అడిగింది. వాళ్ళు బిత్తరపోయారు. ఒకాయన ‘ఊరుకోమ్మా’ అన్నాడు. మరొకాయన జాలిపడి ప్రార్థన చేశాడు. పాపం, పిల్లకి మతి చలించిందనుకున్నారు ఆడవాళ్ళు. చివరికి టీ కొట్టు ఆయనే నీళ్ళు నమిలి, ‘రెండు కాళ్ళూ బారచాపాడమ్మా, కుర్రాళ్ళు చప్పట్లు కొడుతుంటేనూ’ అని చెప్పాడు. వదిన తలూపి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

పట్టుమని నెల తిరక్కుండానే చిన్నన్నయ్య ఆ బండి బయటికి తీశాడు. వంగిన హ్యాండిల్ సరిచేయించి, సరిగ్గా అన్న పడిన చోటికే వెళ్ళి లేపడం మొదలుపెట్టాడు. టీ కొట్టు కుర్రాళ్ళు ‘అన్న పోయినా తమ్ముడున్నాడ్రా’ అని ఎగదోశారు. నిజానికి అతనికి బండి లేపడం సరిగా రాదు. జానెడు లేచేది, పక్కకి ఒరిగేది, మోకాళ్ళు కొట్టుకుపోయేవి. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు. అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ అబ్బాయి ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. తండ్రి కొట్టాడు. తల్లి తాళంచెవి బియ్యం డబ్బాలో దాచింది. అతను తాళంచెవి లేకుండానే వైరు కలిపి స్టార్ట్ చేసుకుని వెళ్ళాడు. ఆ తల్లి మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్న దడి దగ్గర కూలబడి కోడలితో ఏడుస్తూ అన్న మాట నా చెవులతో నేను విన్నాను.

‘వీణ్ణి కూడా మట్టిలో పెట్టలేనే అమ్మా. నువ్వేం చేస్తావో నాకు తెలియదు, వీణ్ణి నాకు దక్కించు.’

‘నేను చూసుకుంటానత్తయ్యా. మీరు తాళంచెవి ఇచ్చెయ్యండి’ అంది వదిన.

మర్నాడు మధ్యాహ్నం వదిన మా ఇంటికొచ్చింది. ‘అత్తయ్యగారూ, మీ అమ్మాయిని కాసేపు నాకు తోడు పంపుతారా, చేలోకి వెళ్ళాలి’ అని మా అమ్మని అడిగింది. మొగుడు పోయిన ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల మరిదితో ఒంటరిగా చేలోకి వెళితే లోకం ఊరుకుంటుందా? అందుకే నేను. మా అమ్మ ఎండలో తిరగొద్దని నా నెత్తిన తువ్వాలు కప్పి పంపింది.

మినుము కూడా పీకేసిన రోజులవి. చేలన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి గానీ, కుప్ప నూర్చిన కళ్ళం మాత్రం చదునుగా, గట్టిగా ఉంది. చిన్నన్నయ్య బండి తెచ్చాడు. మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు, వదిన బుద్ధులు చెప్పడానికి తీసుకొచ్చిందనుకుని. వదిన వాము నుంచి గడ్డి లాగి కళ్ళంలో మందంగా పరిచింది. తర్వాత అన్నయ్య చేపల పెట్టెలో పంటకాలవలోంచి తెచ్చిన తడిమట్టి నింపి బండి వెనక తాళ్ళతో బిగించింది. మా ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు.

‘ఇదెందుకు?’ అన్నాడు అతను. అన్నాళ్ళకి అతని గొంతు విన్నాను.

‘ఖాళీ బండి లేపితే గొప్పేముంది తమ్ముడూ? మీ అన్నయ్య ఇంత బరువుతో లేపాడు. నువ్వూ లేపు.’

అతను పంతంగా ఎక్కి కూర్చున్నాడు. వదిన వద్దనలేదు, జాగ్రత్త అనలేదు, గడ్డికి అవతల నిలబడింది. అతను బండి రైజ్ చేసి ఒక్కసారి క్లచ్ వదిలాడు. ముందు చక్రం అతనెప్పుడూ లేపనంత పైకి లేచింది. ఆ లేవడం ఆగలేదు. అతను గట్టిగా అరిచాడు. బండి నిలువునా లేచి వెనక్కి పడింది, అతను గడ్డిలో పక్కకి దొర్లాడు, పెట్టె పగిలి మట్టంతా ఒలికింది. వదిన పరుగెత్తుకుని వెళ్ళి ముందు బండి ఆపింది, తర్వాత అతని చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. ఏమీ కాలేదు. అప్పుడు ఆవిడ అతని పక్కనే గడ్డిలో చతికిలబడి, ‘మీ అన్నయ్యకి జరిగిందిదే. ఇంతే. ఇంత కొంచెం సేపే’ అంది.

అప్పుడు ఏడ్చాడు చిన్నన్నయ్య. గడ్డిలో మొహం పెట్టుకుని, ఆ మట్టి గుప్పిళ్ళతో పిసుకుతూ, చిన్న పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వదిన కూడా ఏడ్చింది. టెంటు కింద అంతమంది మధ్య రాని ఏడుపు ఆ ఎండలో వచ్చింది. నేను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను, పెద్దవాళ్ళు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక.

నేనైతే అక్కడితో ఆ బండి సంగతి అయిపోయిందనుకున్నాను. వదిన అలా అనుకోలేదు. భయపడ్డవాడు నాలుగు రోజులు మానేస్తాడు, ఐదో రోజు కుర్రాళ్ళు కేక వేస్తే మళ్ళీ ఎక్కుతాడు, అది ఆవిడకి తెలుసు. మర్నాటి నుంచి అసలు పాఠం మొదలుపెట్టింది. బండి లేపకముందే కుడికాలు వెనక బ్రేకు మీద ఉండాలి. చక్రం ఎంత పైకి లేచినా, బండి వెనక్కి వాలుతోందనిపించగానే ఆ బ్రేకు నొక్కితే ముందు చక్రం కిందికి దిగుతుంది. చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం లేదు. ‘లేచేది బండే లేస్తుంది, దించాల్సింది మాత్రం నువ్వే’ అనేది. ఒక మధ్యాహ్నం అతనికి ఎంత చెప్పినా కాలు సమయానికి పడకపోతే, చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపి, చెంగు నడుముకి చుట్టి తనే ఎక్కింది. ముందు చక్రం లేపి కళ్ళం ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిపి, అతను ‘చాలు’ అన్నచోట దించింది. ఆ కొద్దిసేపూ ఆవిడ మొహంలో పాత కళ కనిపించింది. తెల్లవారుజామున చేల వైపు తీసుకెళ్ళి బండి లేపడం నేర్పేటప్పుడు పెద్దన్నయ్య ఆవిడని ఎలా చూసేవాడో నాకు తెలిసినట్టనిపించింది. ‘నాకూ నేర్పు వదినా’ అని గునిశాను. ముందు కూర్చోబెట్టుకుని, నా చేతుల మీద చేతులు వేసి, బెత్తెడు లేపి దించింది. చక్రం నేలకి తగిలిన అదురు మోచేతులదాకా పాకింది. నవ్వు ఆగలేదు నాకు.

వేసవి ముదిరేసరికి చిన్నన్నయ్య, మళ్ళీ బాగుచేసిన పెట్టె నిండా బరువుతో లేపి, వదిన చెయ్యి ఊపగానే దించడం నేర్చుకున్నాడు. అప్పుడు ఆవిడ తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఇక నీ ఇష్టం అంది. అతను అన్నయ్య చేసిన చేపల బేరమే అందుకున్నాడు. టీ కొట్టు కుర్రాళ్ళు ఎంత కేకలు వేసినా అతను సరదాకి బండి లేపగా నేను చూడలేదు. ఆ దడి దగ్గర తల్లి కోరిన కోరిక తీరింది.

కానీ వదిన బండి లేపడం చేను కాపలా మనిషి చూశాడు. ఊరికి ఇంకేం కావాలి? మొగుడి సమాధి మీద మట్టి ఆరలేదు, వాణ్ణి చంపిన బండి మీదే ఎగిరి గంతులేస్తోంది అన్నారు. మరిదితో కలిపి అనరాని మాటలు కూడా అన్నారు. సంఘ పెద్దలు ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. నన్ను పిలిచి అడిగితే, బండి దించడం నేర్పిందండీ అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. మా అమ్మ వచ్చి రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళింది. అత్తగారు మాత్రం ‘నాకేం తెలియదయ్యగారూ, నేను ఆ పిల్లతో ఏమీ అనలేదు’ అని పెద్దల ముందు చెప్పింది. దడి ఇవతల నుంచి ఆ మాట కూడా నా చెవుల్తోనే విన్నాను.

మామగారు కబురు పెడితే, మూడోనాడు ఘంటసాల నుంచి వదిన వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయాడు. బస్సు దాకా సాగనంపడానికి ఆ ఇంట్లోంచి ఎవరూ రాలేదు. చిన్నన్నయ్య చేపలతో అవనిగడ్డ వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చి విషయం విని, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. తండ్రికి ఎదురు చెప్పే ధైర్యం అతనికి ఆ రోజూ లేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ అన్నం ముద్ద అతని గొంతు ఎలా దిగిందో అని ఇప్పటికీ అనుకుంటాను.

వదిన గుడివాడలో ఆడపిల్లల హాస్టల్లో వంటకి కుదిరిందని తర్వాత విన్నాం. నా పెళ్ళికి కబురు పెట్టాను, రాలేదు. నాలుగేళ్ళ కిందట పోయింది. సంగతి తెలిసేసరికి సమాధి కూడా అయిపోయింది. చిన్నన్నయ్యకు చెబితే, అయ్యో అని, మనవరాలు పిలుస్తోందని లేచి వెళ్ళాడు.

అతనికి ఇప్పుడు ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, మనవలు. ఇల్లు కళకళలాడుతూ ఉంటుంది. ముందు గదిలో పెద్దన్నయ్య ఫోటో ఉంది, పక్కన వదిన లేదు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ పిల్లల్ని చూసి సంతోషమూ, ఆ గోడని చూసి కోపమూ ఒకేసారి వస్తాయి. కాఫీ తాగి ఊరికే వచ్చెయ్యను. అతను ఎదురుగా ఉండగానే, పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, వదిన పేరు పెట్టి మరీ చెబుతాను, మీ తాతయ్యని బతికించింది ఆవిడేనని. కోడళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. అతను తల దించుకుంటాడు. దించుకోనీ. నా ఒంట్లో ఊపిరి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆవిడ పేరు వినపడుతుంది.