బ్యాటరీ బండిలో గంగ

గంగానది కాశీని వదిలి పటాన్‌చెరు వచ్చి, ఒక ఫ్యాక్టరీ షెడ్డులో ఏళ్ల తరబడి కాపురం ఉంది. ఇలా అంటే నమ్మనివాళ్లు ఉంటారు కాబట్టి కాస్త తగ్గించి చెప్పాలి. నది మొత్తం రాలేదు. ఒక రాగి చెంబెడు వచ్చింది. అందులోనూ కొంత ఆవిరైపోయింది. అయినా గంగ గంగే కనుక, మిగిలిన ఆ కాస్తా ఒక మనిషి కొలువు నిలబెట్టింది. ఆ మనిషి పేరు పాండురంగం.

పాండురంగానిది సంగారెడ్డి బజారులో ఎండుమిరపకాయల దుకాణం నడిపే కుటుంబం. అన్న కాశీనాథ్ గల్లా దగ్గర కూర్చుంటే, తమ్ముడు పక్కన మెత్త మీద కూర్చోవాలి. కూర్చునేవాడు. కాసేపటికి తుమ్మేవాడు. తుమ్మడం తప్పు కాదు, తుమ్మే సమయమే ఇబ్బంది. పల్లె నుంచి బండి కట్టుకొచ్చిన రైతు ధరకు ఒప్పుకుని, "సరే, కాంటా పెట్టు" అనబోయేసరికి సరిగ్గా ఒకే ఒక్క తుమ్ము. రెండు తుమ్మినా బాగుండేది. ఒంటి తుమ్ము విన్న రైతు బస్తాలు మళ్లీ బండిలో వేసుకుని ఎదుటి దుకాణానికి పోయేవాడు. ఎదుటి దుకాణంవాళ్లు పాండురంగాన్ని ఎంతో గౌరవించేవారు. పండగకు మిఠాయి కూడా పంపేవారు.

అందుకని, పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న ఆ అరవైల చివర, అతను బస్సెక్కి వెళ్లి ఒక యంత్రాల ఫ్యాక్టరీలో డ్రైవరుగా చేరాడు. ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకుని భార్య శకుంతలను తెచ్చుకున్నాడు. వ్యాపారం చేసే ఇంట పుట్టి పరాయివాళ్ల బండి నడపడమేమిటని కాశీనాథ్‌కు తలకొట్టేసినట్టయింది.

"పో తమ్మీ, పో. గా బండి ఎన్నొద్దులు నడుస్తదో నేను సూడనా. నీ మెత్త నీకే ఉంటది" అన్నాడు.

అన్నట్టే దాని మీద ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. రోజూ సాయంత్రం దుకాణం కట్టేముందు దాన్ని దులిపి, మళ్లీ అక్కడే పరిచేవాడు. దులిపినప్పుడల్లా మిరప ఘాటు లేచేది.

పాండురంగం నడిపే బండికి పెట్రోలు అక్కర్లేదు. ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజినీర్లు వదిలిపెట్టి వెళ్లిన కరెంటు కారు అది. అందరూ బ్యాటరీ బండి అనేవారు. నలుగురు కూర్చోవచ్చు. ఫ్యాక్టరీ చూడ్డానికి పెద్దమనుషులు వస్తే, వాళ్లను ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు చప్పుడు లేకుండా తిప్పడం దాని పని. అంత నిశ్శబ్దంగా నడిచేసరికి, వచ్చినవాళ్లు యంత్రాలను వదిలేసి బండి కిందికి వంగి చూసేవారు.

పాండురంగం కొలువు ఆ బండితోనే పుట్టింది. బండి ఉన్నన్నాళ్లు అతను ఉంటాడు. బండి తుక్కుకు పోయిన రోజు అతను మెత్త మీదికి పోతాడు. ఈ సంగతి తెలుసు కాబట్టే దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు. శనివారం శనివారం బ్యాటరీ మూతలు విప్పి, నీళ్లు తగ్గిన గదుల్లో డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. తీగలు బిగించేచోట పేరుకున్న తెల్లటి పొడిని సోడా నీళ్లతో కడిగి వేజలీను రాసేవాడు. బ్రేకులు బిగించి, టైర్లలో గాలి చూసి, సాయంత్రం చార్జింగుకు పెట్టి, "ఇగ పండుకో" అని చెప్పి ఇంటికి వచ్చేవాడు.

"నాకు జరమొచ్చినప్పుడు గింత సేవ జేసినవా?" అని శకుంతల అడిగేది.

"నిన్ను కంపెనోళ్లు తుక్కు కింద అమ్మరు గదా" అనేవాడు అతను.

బండిని సర్వీసు చేయడానికి సికింద్రాబాదులోని డీలరు ఆరు నెలలకోసారి నరసరాజును పంపేవాడు. నరసరాజు భీమవరం వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, చేతిలో తోలుసంచి. సంచిలో ఒక గాజుగొట్టం ఉండేది. దానితో బ్యాటరీలోని ఆసిడ్‌ను కొంచెం పీల్చి, అందులో తేలే బుడ్డి ఎంత పైకి లేచిందో చూసి, బ్యాటరీలో ఎంత సత్తువ మిగిలిందో చెప్పేవాడు. డీలరు కోరిక మాత్రం కొత్త బండి అమ్మాలని. అందుకని నరసరాజు వచ్చినప్పుడల్లా, రోగిని పలకరించడానికి వచ్చిన దూరపు చుట్టంలా, ఏదో ఒకటి పాడైందని చెప్పి వెళ్లేవాడు.

"దీనికి వయసైపోయిందయ్యా పాండురంగం. మా దగ్గరికి కొత్త మోడలు వచ్చింది."

"నాకు మాత్రం వయసైతలేదా సార్? నాక్కూడ కొత్త మోడల్ తెచ్చిన్రా?"

"నీ ఏజెన్సీ మేం తీసుకోలేదు."

ఈ మాటలయ్యాక పాండురంగం క్యాంటీన్ నుంచి చక్కెర ఎక్కువేసిన చాయ్ తెచ్చేవాడు. చాయ్ తాగిన నరసరాజు, మరో ఆరు నెలలు నడవొచ్చని రాసి సంతకం పెట్టేవాడు.

డెబ్బై రెండులో వానలు పడలేదు. అన్ని నీళ్లతోపాటు డిస్టిల్డ్ వాటర్ సీసాలు కూడా రావడం మానేశాయి. ఎండకు బ్యాటరీ మాత్రం ఎప్పటికన్నా ఎక్కువ తాగుతోంది. మూత తీస్తే లోపలి పలకలు నీటిపైకి తేలి కనిపిస్తున్నాయి. నరసరాజు వచ్చే రోజు దగ్గరపడింది. పాండురంగం ఫోర్‌మన్ సూర్యప్రకాశరావు దగ్గరికి వెళ్లి, కుళాయి నీళ్లు పొయ్యమంటారా అని అడిగాడు.

"పొరపాటున కూడా పోయకు. అందులో సున్నం ఉంటుంది, మట్టి ఉంటుంది. అవేవీ లేని నీళ్లు ఎక్కడైనా దొరికితే పొయ్యి, లేకపోతే ఊరుకో" అన్నాడు సూర్యప్రకాశరావు.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని ఆలోచిస్తుంటే పాండురంగం చూపు దేవుడి గూట్లోని రాగి చెంబు మీద పడింది. వాళ్లమ్మ కాశీకి పోయి, మూతికి మాటు వేయించిన రెండు గంగ చెంబులు తెచ్చి కొడుకులకు చెరొకటి ఇచ్చింది. కుళాయి నీళ్లు నాలుగు రోజులుంచితే పాచి పడతాయి. ఈ నీళ్లు ఎన్నేళ్లున్నా పురుగు పట్టవని ఊరంతా ఒప్పుకున్నదే. దేశంలో ఇంతకన్నా మంచి నీళ్లు బ్యాటరీకి ఎవరు పోసి ఉంటారు?

శకుంతల అడ్డం నిలబడింది. "సూడుండ్రి, గవి మనం పోయేటప్పుడు నోట్ల పోసుకునే నీళ్లు."

"బండి ఇప్పుడే పోయేటట్టున్నది. దాని నోట్ల పోస్త."

"మరి మనకో?"

"అన్న తాన ఇంకో చెంబున్నది."

మర్నాడు అతను మాటు విప్పి, గోవిందా అనుకుంటూ అన్ని గదుల్లోనూ సమానంగా పోశాడు. ఆ రోజు బండి కొత్తపెళ్లికూతురిలా నడిచింది. సాయంత్రం తనంతట తానే తిరిగి, ముఖం కాశీ దిక్కుకు పెట్టి నిలబడిందని చూసినవాళ్లు చెబుతారు. షెడ్డు తలుపు కూడా ఆ దిక్కునే ఉంది కాబట్టి, దీని మీద మరీ పట్టుబట్టనక్కర్లేదు.

కొన్నాళ్లకు చిక్కు వచ్చింది. రాత్రంతా చార్జింగు పెట్టినా మధ్యాహ్నానికి బండి ఆగిపోతోంది. ఒక పెద్దమనిషిని సగం దారిలో దింపేసి మిగతా సగం నడిపించాల్సి వచ్చింది. ఆ వారమే నరసరాజు వచ్చాడు. గాజుగొట్టంతో పీల్చి చూశాడు. బుడ్డి అడుక్కి పోయి కూర్చుంది.

"ఏం నీళ్లు పోశావయ్యా?"

"మంచి నీళ్లే సార్."

"ఏ బావివి?"

"బావివి గావు. కాశీవి."

గొట్టంలో ఉన్నదాన్ని ఎప్పటిలాగే నేల మీద పారబోయబోతున్న నరసరాజు చెయ్యి మధ్యలో ఆగింది. బొట్టు కూడా కింద పడకుండా మళ్లీ బ్యాటరీలోకే వదిలాడు. తర్వాత పక్కకు వెళ్లి బూట్లు విప్పి వచ్చాడు.

"ఏళ్ల తరబడి రాగి చెంబులో ఉన్నాయి కదా. రాగి దిగితే బ్యాటరీ బతకదు. గంగ తప్పేం లేదయ్యా, చెంబుది తప్పు" అన్నాడు. బండి పనికిరాదు, అమ్మేయవచ్చు అని రాసి, వట్టికాళ్లతోనే సంతకం పెట్టాడు. ఆ రోజు చాయ్ తాగలేదు.

వేలం పెట్టారు. ఈలోగా గంగ సంగతి ఫ్యాక్టరీ అంతా తెలిసింది. కార్మికులు షెడ్డు ముందు చెప్పులు విడుస్తున్నారు. ఎవరో బండి ముందుభాగం మీద మందారపువ్వు కూడా పెట్టారు. సంగారెడ్డి నుంచి తుక్కు వ్యాపారులు నలుగురైదుగురు వచ్చారు. వాళ్లతోపాటు, జన్మలో తుక్కు కొనని కాశీనాథ్ కూడా ఖాళీ లారీతో వచ్చాడు.

"మెత్త దులిపి పెట్టొచ్చిన తమ్మీ. ఎంతైనా సరే గీ బండి నేనే కొంట. సామాన్లు సర్దుకో, లారీల జాగ ఉన్నది."

సూర్యప్రకాశరావు నియమాలు చదివాడు. బ్యాటరీలో ఆసిడ్ ఉండగా బండి గేటు దాటకూడదు. కొన్నవాళ్లే దాన్ని ఇక్కడి మురుగు మోరీలో పారబోసి, తర్వాత బండి ఎత్తుకోవాలి. చదవడం అయ్యాక పాట మొదలుపెట్టమన్నాడు. కాశీనాథ్ ముందుకు వచ్చి నోరు తెరిచాడు. అతని కండువాలో ఇరవై ఏళ్ల మిరప ఘాటు ఉంది. పక్కనే నిలబడ్డ పాండురంగం తుమ్మాడు.

ఒక్కటే.

వ్యాపారులందరూ ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. ఒంటి తుమ్ము తర్వాత కాసేపు ఆగి, మంచినీళ్లు తాగి గానీ ఎవరూ బేరం మొదలుపెట్టరు. కాశీనాథ్ గ్లాసు అందుకుంటుండగా పాండురంగం అతని పక్కన కూర్చున్నాడు.

"పాట నువ్వే పాడు అన్నా. కాని గీ బ్యాటరీల ఉన్నది అమ్మ తెచ్చిన గంగ."

కాశీనాథ్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మ గంగను గిండ్ల బోసినవా?"

"పోసిన."

"అమ్మకు తెల్సా?"

"తెల్వదు. మోరీల పారబోసినంక నువ్వే చెప్పు."

కాశీనాథ్ మోరీ వైపు చూశాడు. అందులో నల్లటి నూనె, క్యాంటీన్ చాయ్‌పత్తి నెమ్మదిగా కదులుతున్నాయి.

"పోసినోనివి నువ్వు. నువ్వే పారబొయ్యి."

"నేను కొంటలేను గదనే. కొన్నోడే పారబొయ్యాలెనని సార్ సదివిండు గదా."

కాశీనాథ్ సూర్యప్రకాశరావు వైపు చూశాడు. "రూలు అంతేనండి" అన్నాడు సూర్యప్రకాశరావు.

కాశీనాథ్ లేచాడు. దుకాణంలో తూకం మిగిలిపోయిందని గుర్తొచ్చింది. మిగతా వ్యాపారులకూ ఒక్కొక్కరికి ఒక్కొక్క పని గుర్తొచ్చింది. లారీ ఖాళీగానే తిరిగి వెళ్లింది. ఆ రాత్రే కాశీనాథ్ తన వంతు గంగ చెంబును దేవుడి గూట్లోంచి తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

రెండోసారి వేలం పెట్టినా ఎవరూ రాలేదు. పారబొయ్యమంటే కార్మికులు కదల్లేదు. ఒకరోజు సూర్యప్రకాశరావే స్వయంగా బకెట్టుతో షెడ్డులోకి వెళ్లాడు. మూత విప్పాడు. పెదవులతో ఏదో గొణిగాడు. మూత పెట్టేసి బయటికి వచ్చాడు. ఆ సాయంత్రమే పై అధికారులకు రాసి పంపాడు. బండి నడవదని, తీసేయడానికీ వీల్లేదని, కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషి కావాలని.

అలా పాండురంగం, నడవని బండికి డ్రైవరుగా డెబ్బైలన్నీ గడిపాడు. వానలు పడ్డాయి, సీసాలు వచ్చాయి. శనివారం శనివారం నీళ్లు పోశాడు, వేజలీను రాశాడు, టైర్లలో గాలి చూశాడు. డీలరుతో సర్వీసు ఒప్పందం ఎవరూ రద్దు చేయలేదు కాబట్టి నరసరాజు ఆరు నెలలకోసారి వస్తూనే ఉన్నాడు. బూట్లు విప్పి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎప్పటిలాగే ఉందని రాసి, చాయ్ తాగి వెళ్లేవాడు. సంగారెడ్డిలో మెత్త దులపడం మాత్రం ఆగలేదు.

ఇదంతా నిజమేనా అని ఎవరైనా అడిగితే పాండురంగం బీడీ ఆర్పి మరీ జవాబు చెప్పేవాడు.

"గంగ లేదు, గింగ లేదు. నేను నడిపింది లారీ. బ్యాటరీ బండి అన్నదే ఆ ఫ్యాక్టరీల లేకుండె. నరసరాజు ఎవలో నాకు తెల్వదు. మా అమ్మ కాశీ మొకమే సూడలే, యాదగిరిగుట్టకు పోయొచ్చింది. ఇగ తుమ్ములంటవా, పుట్టినప్పటి సంది నాకు ఒక్క తుమ్ము రాలే."