ఓడ భోజనానికి తెల్లకోటు

ఆ సాయంత్రం ఓడ కేబిన్‌లో ఉన్నవి: తెల్లకోటు ఒకటి, నల్ల బో టై ఒకటి, సబ్బు బిళ్ల, చెంబుడు నీళ్లు. ఉన్నవాడు: కెమికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్న నేను. ఈ కొద్దిపాటి సామగ్రితో ఒక మనిషి ఎంత పరువు పోగొట్టుకోగలడో మీరు ఊహించలేరు. నేనూ ఊహించలేదు.

అవి యాభైల నాటి రోజులు. మద్రాసు నుంచి పినాంగు పోయే ఓడలో మామ తనతోబాటు నాకూ మొదటి తరగతి టికెట్టు కొన్నాడు. పైకి విహారమన్నాడు. అసలు సంగతేమిటంటే, బియ్యం వర్తకులు చెంగయ్య శెట్టిగారు, వారి అమ్మాయి వసంత అదే ఓడలో ఉన్నారు. రాత్రి భోజనాల దగ్గర నన్ను చూస్తారు. నచ్చితే సంబంధం ఖాయం. ఫోటో చూసినప్పుడే నా వైపు నుంచి ఖాయమైపోయింది.

తెల్లకోటు, నల్ల బో లేని మగవాణ్ణి ఆ భోజనశాలలోకి రానివ్వరు. మింటు వీధిలో కుట్టించిన కోటు పెట్టెలోంచి తీసి చూద్దును కదా, ఎడమ జేబు మీద బొటనవేలంత పసుపు! కొత్తబట్టకు పసుపు పెట్టందే మా ఇంట్లో జేబురుమాలు కూడా గడప దాటదు. పంచెకైతే అంచుంటుంది. కోటుకు అంచెక్కడో తోచక అమ్మ సరిగ్గా గుండె మీద పెట్టేసింది.

సబ్బుతో రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని కాలేజీలో జూనియర్లకు చేసి చూపించినవాణ్ణి నేనే. ఆ చదువు మద్రాసు రేవులోనే దిగిపోయినట్టుంది. రుద్దేకొద్దీ మచ్చ పెనం మీద దోసెలా పరుచుకుంది, నెత్తురు రంగులో.

మామ తలుపు బాదాడు. "ఏరా, ఆడ శెట్టిగారు కూర్చోనుండారు. సీక్రం రారా!"

"కోటు తడిసింది మామా!"

"తడిస్తే ఏమి? సముద్రమంతా తడిగానే ఉండాది. తొడుక్కోని రా!"

మచ్చ మీద అరచెయ్యి అదిమిపెట్టి భోజనశాల గుమ్మంలో నిలబడ్డాను. మొహం పాలిపోయింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారుతున్నాయి. ఎవరో దొరసాని కెవ్వుమంది. వడ్డించేవాళ్లు ఇద్దరు నన్ను ఎత్తి బల్ల మీద, సూపు గిన్నె పక్కన పడుకోబెట్టారు. ఓడ డాక్టరు పరుగున వచ్చి కోటును కత్తెరతో నిలువునా చీల్చాడు.

"ఎవురురా పొడిచింది?" అని మామ గోల.

"ఎవురూ లేదు మామా. పసుపు అమ్మది, సబ్బు నాది!"

డాక్టరు వెతికి వెతికి, గాయం దొరక్క విసుక్కున్నాడు. శెట్టిగారు నా మీదికి వంగారు.

"ఏమి చదివినావు నాయనా?"

"కెమికల్ ఇంజనీరింగండీ."

"పసుపుకు సబ్బు రాస్తే ఏమవుతాదో ఆడ చెప్పలేదా?"

"చెప్పారండీ. దాంట్లో నాకు ఫస్టు క్లాసు."

సంబంధం సముద్రంలో కలిసిందనుకొని కళ్లు మూసుకున్నాను. అప్పుడు వసంత గొంతు వినబడింది, నవ్వు ఆపుకుంటూ.

"నాయనా, ఈయనకు అబద్ధమాడే తెలివి కూడా లేదు. నాకు చాలు."

ఆ బల్ల మీదే, పంచభూతాల సాక్షిగా శపథం చేశాను: ఈ జన్మలో నా బట్టల మీద పసుపున్నా, పులుసున్నా, అలాగే తొడుక్కుపోతాను గానీ సబ్బు ముట్టను. ఇప్పటివరకూ తప్పలేదు.

మా పెళ్లి విందుకు వచ్చినవాళ్లలో, ఆ రాత్రి నేను చచ్చిపోతాననుకున్నవాళ్లు డాక్టరుతో కలిపి ఐదుగురు.