మా వాకిలి మెట్టు, తిప్ప కింది హద్దు

నా భార్య చనిపోయి పన్నెండు రోజులైంది. ఆ రోజు ఉదయం సున్నం బొక్కెన, పాత కుంచె తీసుకొని తిప్ప కిందికి వెళ్లింది. అక్కడి ప్రభుత్వ బంజరుకు ఎనిమిది హద్దు రాళ్లున్నాయి. ఏడింటికి సున్నం పూసి వచ్చింది. మధ్యాహ్నం సంకటి తింది. ఎడమ చెయ్యి లాగుతోందని పడుకుంది. నాలుగు గంటలకు ఆటో పిలిపించాను. కదిరి ఆసుపత్రి ఇంకా దూరం ఉండగానే నా భుజం మీద తల ఆనించి, అట్లాగే పోయింది.

ఆమె మా ఊరి సర్పంచ్. నాకు మేనమామ కూతురు. పెళ్లయి ముప్పై నాలుగేళ్లయినా నన్ను బావా అనే పిలిచేది. చదివింది ఏడో తరగతి. నేను అనంతపురంలో బి.ఏ. చదివాను. మా పంచాయతీని ఆడవాళ్లకు కేటాయించినప్పుడు సంతకం ఆమెది, పెత్తనం నాది అని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. మొదటి సమావేశానికి ముందుగా వెళ్లి పంచాయతీ ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్నాను. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"బావా, కొంచెం లెయ్యి. దాంట్లో సర్పంచ్ కూర్చోవాల."

ఒక వార్డు మెంబరు నవ్వాపుకుంటూ, "రా అన్నా, ఈడ బల్ల ఖాళీగా ఉండాది," అన్నాడు. ఆ రోజు నుంచి నా చోటు ఆ బల్ల.

తిప్ప ఊరికి పడమర ఉన్న చిన్న గుట్ట. దాని కింది బంజరు గులక నేల, వేరుశనగ కూడా పండదు. వాన పడితే నాలుగు నెలలు గడ్డి. అవతల గొర్రెలు నీళ్లు తాగే కుంట. మా ఊర్లో సగం ఇళ్లు గొర్రెల మీదే బతుకుతాయి. సోలార్ కోసం ఆ భూమిని బయటి కంపెనీ ఒకటి అడిగింది. చుట్టూ కంచె పడితే కుంటకు దారి మూసుకుపోతుంది. సోలార్ వద్దని ఆమె అనలేదు. ఆ భూమిని పంచాయతీకే ఇవ్వమని అడుగుదాం అంది. ప్లేట్లు ఎత్తుగా పెట్టించుకుంటే తాగునీటి మోటార్లు తిరుగుతాయి, కింద గొర్రెలూ మేస్తాయి అని గ్రామసభలో చెప్పింది.

"ఇన్నేండ్లు ఈ ఎండ మనల్ని కాల్చింది కదప్పా. ఇంక దాంతో పని చేయించుకుందాం."

అర్జీ నేను రాశాను. రెండుసార్లు తిరగరాయించింది. "ఇంత పొడుగెందుకు బావా? మనకేం కావాల్నో మొదటి లైన్లోనే రాయి," అంది. నా చదువు గురించి అంత సూటిగా మాట్లాడిన వాళ్లు ఇంకెవరూ లేరు.

తర్వాత సర్వేయరు వచ్చి ఒక రోజంతా తిప్ప కింద తిరిగాడు. ఎనిమిది రాళ్లలో ఒక్కటే నిలబడి ఉంది. "హద్దులు తేలకుంటే ఫైలు పైకి పోదు సర్పంచమ్మా. మిగతా రాళ్లు యాడ పోయినాయి?" అని అడిగాడు. ఆమె ఆ ఒక్క రాయి ముందు వంగి, దాని నెత్తిన ఉలితో చెక్కిన కూడిక గుర్తును వేలితో తడిమింది. ఇంటికి వచ్చి మా వాకిలి మెట్టు ముందు చతికిలబడింది.

ఆ మెట్టు ఒక పొడుగాటి రాయి. ఇల్లు కట్టినప్పుడు మా నాయన తెచ్చి వేశాడు. దాని కొసన అదే గుర్తు. కాపురానికి వచ్చినప్పటి నుంచి, అదేదో దేవుడి గుర్తు అనుకొని, ఆమె రోజూ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది.

"సర్కారు రాయికి ఇన్నేండ్లు బొట్టు పెట్టినా బావా," అని నవ్వింది. నేను నవ్వలేదు.

"ఊరుకో. ఎవురికీ తెలీదు. నాయన్ను ఊర్లో దొంగను చేస్తావా?"

"మామ దొంగెందుకైతాడు? మెట్టు కావాల్సొచ్చింది, తెచ్చుకున్నాడు. అందరూ అట్లే చేసింటారు. మనది దాచిపెట్టుకొని వాళ్లను తెమ్మంటే తెస్తారా?"

మరుసటి రోజు ఊరందరి ముందూ ఆ మాటే చెప్పింది. గడ్డపారలు తెప్పించి మెట్టు పీకించింది. ట్రాక్టరులో రాయి పక్కన కూర్చొని పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయింది. జనం వెంట నడిచారు. నేను తలుపేసుకొని ఇంట్లో కూర్చున్నాను. ఈ సంగతి రాయకుండా వదిలేయవచ్చు. వదిలేస్తే ఆమె గురించి రాసినట్టు కాదు.

మూడు రోజుల్లో మిగతా ఆరు రాళ్లూ వచ్చాయి. ఒకటి రోలు కింద నుంచి, ఒకటి గొర్రెల దొడ్డి నుంచి. చివరిదానికి ఒక ముసలాయన బర్రెను కట్టేసేవాడు. "ఓయబ్బా, నా బర్రె ఇన్నేండ్లు సర్కారు ఉద్యోగం చేసిందా! అందుకే ఎంత అదిలించినా లేసేది కాదు," అన్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

రాళ్లు వచ్చాయి గానీ, ఏది ఎక్కడ ఉండేదో తెలియదు. ఊర్లో అందరికంటే పెద్దవాడైన గొర్రెల కాపరిని ముందు నడవమంది. ఆయన ఒక్కోచోట ఆగి కర్ర ఆనించాడు. "ఈడుండె. దీనికి ఆనుకొని సద్ది తింటాంటి," అన్నాడు. సర్వేయరు మిషన్ పెట్టి కొలిచాడు. జానెడు తేడా కూడా రాలేదు. మళ్లీ కొలిచాడు. ఆ తర్వాత ఆ కాపరికి తన నీళ్ల బాటిల్ ఇచ్చి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.

ఆ రోజు నేనూ వెళ్లాను. దూరంగా నిలబడ్డాను. మా మెట్టును చివరి మూలలో పూడ్చారు. మా అడుగులకు అరిగిన వైపును తూర్పుకు, మా ఇంటి వైపుకు తిప్పించింది. చేతులతో మట్టి తోసి, కాళ్లతో తొక్కింది. ఆ బోడి నేల మీద, ఆ ఎండలో, ఆమె ఒక్క మాట మీద ఏడు రాళ్లు మళ్లీ లేచి నిలబడ్డాయి. అట్లాంటిది నేను ముందెప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను. చెయ్యి మాత్రం వేయలేదు.

అప్పటి నుంచి మా వాకిలికి మెట్టు లేదు. కొత్తది వేయిస్తానంటే, "భూమి చేతికి రానీ," అనేది. నా భుజం పట్టుకొని దిగేది. చివరిసారి ఆమెను బయటికి తెచ్చినప్పుడు, మోసేవాళ్లు అక్కడ ఆగి ఒక్కొక్కరుగా దిగారు.

భూమిని పంచాయతీకి ఇస్తూ పోయిన నెల ఉత్తర్వు వచ్చింది. అప్పగించడానికి అధికారులు వచ్చేలోపు రాళ్లు తెల్లగా కనిపించాలని ఆమె ఆరాటం. చివరి రోజు సంకటి తింటున్నప్పుడు, ఎనిమిదోది ఎందుకు వదిలేశావని అడిగాను.

"అది మనింటిది. తెచ్చింది మామ, పూడ్సింది నేను. సున్నం నువ్వు పుయ్యాల బావా."

"చూద్దాంలే," అన్నాను.

ఆమె పోయిందని ఆగిన అధికారులు రేపు పది గంటలకు వస్తున్నారు. ఆమె వదిలిన సున్నం గడ్డకట్టింది. కొత్తది తెచ్చి నానబెట్టాను. కుంచె ఆమెదే. రేపు పొద్దున, వాళ్లు రాకముందే, మెట్టు లేని వాకిలి దిగి తిప్ప కిందికి నడుస్తాను. ఆ రాయికి నాలుగు వైపులా సున్నం పూస్తాను. నెత్తిన ఉన్న గుర్తును వదిలేస్తాను. దానికి పసుపు రాసి, బొట్టు పెడతాను.